పాపిరస్: కొలను అంచున పెరగాల్సిన మొక్క

అందరికీ నమస్కారం. నీటి తోటల గురించి మాట్లాడమని పిలిచినప్పుడు సాధారణంగా కలువల గురించో తామరల గురించో అడుగుతారు. ఈసారి పాపిరస్ గురించి మాట్లాడతానని నేనే అడిగి ఒప్పించుకున్నాను. ఈ మొక్కను ఎంతో ఇష్టపడి తెచ్చుకున్నవాళ్లలో చాలామంది మొదటి ఏడాదే దాన్ని పోగొట్టుకుంటున్నారు. బతికించుకున్నవాళ్లేమో మూడో ఏడాదికల్లా అది కొలనంతా ఆక్రమించేసిందని విసిగిపోయి పీకేస్తున్నారు. ఈ రెండు కష్టాలూ ఒకే చోట మొదలవుతున్నాయి. కొనేటప్పుడు 'నీటి మొక్క' అని చెబుతారు, మనం తీసుకెళ్లి కొలను మధ్యలో దించేస్తాం. కానీ పాపిరస్‌కు కావాల్సింది లోతైన నీళ్లు కాదు, తడి ఆరని బురద. కాళ్లు బురదలో, ఒళ్లంతా ఎండలో ఉండాలి దానికి. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే కుండీ ఎంత ఉండాలి, మట్టి ఏది వాడాలి, ఎక్కడ పెట్టాలి, ఎప్పుడు కోయాలి అన్నవన్నీ ఒకదాని వెంట ఒకటి తేలిపోతాయి.

ముందు ఈ కాడ చూడండి. పొద్దున కోసి తెచ్చాను. ఇంకో నాలుగు వెనక వరుసలకు పంపుతున్నాను, చేత్తో పట్టుకుని చూసి పక్కవాళ్లకు ఇవ్వండి. వేళ్ల మధ్య పెట్టి తిప్పితే మూడు పలకలు తగులుతాయి. తుంగ గడ్డి ఎప్పుడైనా పీకినవాళ్లకు ఈ మూడు పలకలు కొత్త కాదు. ఇదీ ఆ కుటుంబమే. దీని శాస్త్రీయ నామం సైపరస్ పాపిరస్, తుంగది సైపరస్ రొటండస్. తుంగ మోకాలి ఎత్తులో ఆగిపోతుంది. పాపిరస్ ఆఫ్రికా చిత్తడి నేలల్లో 4, 5 మీటర్లు పెరుగుతుంది. తోటలో, కుండీలో మామూలుగా రెండు మీటర్ల దాకా వస్తుంది, వేళ్లకు చోటు ఇచ్చి బాగా పోషిస్తే ఇంకాస్త పైకి పోతుంది.

కాడ పొడవునా ఎక్కడా ఆకు లేదు, గమనించారా? అడుగున ఈ గోధుమరంగు పొరలున్నాయే, ఆకులంటే అవే. అంతకుమించి ఎదగవు. ఆకు చేయాల్సిన పనంతా ఈ పచ్చటి కాడా, పైనున్న కుచ్చూ చేసుకుంటాయి. అందుకే దీనికి ఎండ అంత ముఖ్యం. రోజుకు కనీసం ఆరు గంటలు నేరుగా ఎండ తగలాలి. చెట్టు నీడలో పెడితే చచ్చిపోదు గానీ కాడలు సన్నబడతాయి, వెలుతురు వైపు వంగుతాయి, చివరికి కుచ్చు బరువుకు పడిపోతాయి. నీడలో ఎన్ని ఎరువులు వేసినా కాడ గట్టిపడదు.

ఇప్పుడు బ్లేడుతో అడ్డంగా కోస్తాను. పైన సన్నటి పచ్చ తొక్క, లోపలంతా తెల్లటి బెండు. నొక్కితే మెత్తగా లోపలికి పోతుంది, వదిలితే మళ్లీ లేస్తుంది. కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూస్తే బెండు నిండా సన్నటి రంధ్రాలు కనిపిస్తాయి. బురదలో గాలి ఆడదు కదా, అక్కడి వేళ్లకు గాలి అందేది ఈ దారిలోనే. పాత ఈజిప్టువాళ్లు ఈ బెండునే పల్చటి బద్దలుగా చీల్చి, ఒక వరుస నిలువుగా, దాని మీద ఇంకో వరుస అడ్డంగా పరిచి, నొక్కి ఆరబెట్టి రాసుకునే పత్రం చేసుకున్నారు. కాడలను కట్టలు కట్టి పడవలూ చేశారు. నార్వేకు చెందిన థోర్ హెయెర్‌డాల్ 1970లో 'రా-2' అనే పాపిరస్ పడవ మీద మొరాకోలోని సఫీ రేవు నుంచి బయల్దేరి 57 రోజుల్లో అట్లాంటిక్ దాటి బార్బడోస్ చేరాడు. అంతకుముందు ఏడాది వెళ్లిన మొదటి 'రా' గమ్యం చేరకముందే విచ్చిపోయింది. ఆ పడవను అంతదూరం తేల్చింది ఈ బెండులో ఉన్న గాలే. తోటలో మనకూ దీంతో పని పడుతుంది, కోత దగ్గరికి వచ్చినప్పుడు మళ్లీ చెప్తాను.

ఇక కుచ్చు. అందరూ మొక్క కొనేది దీన్ని చూసే. కాడ చివర ఒకే చోటు నుంచి పదుల కొద్దీ సన్నటి పచ్చ పోగులు గొడుగు ఊచల్లా అన్ని వైపులకూ విచ్చుకుంటాయి. బాగా ఎదిగిన కుచ్చులో వంద దాటుతాయి. ఒక్కో పోగు జానెడు పైనే. ఒక పోగును చివరిదాకా వేలితో రాసుకుంటూ వెళ్లండి. అక్కడ అది మళ్లీ మూడు నాలుగు చిన్న పోగులుగా చీలుతుంది, ఆ చీలిక దగ్గర గోధుమరంగు గింజల్లా ఉన్నవే పూలు. గాలికే పరాగం చేరుతుంది, అందుకే వాటికి రంగూ లేదు, వాసనా లేదు. లేత కుచ్చు విచ్చుకోకముందు గోధుమరంగు రేకుల్లో ముడుచుకుని మొగ్గలా ఉంటుంది. పైకి వచ్చాక విప్పుకుని నిటారుగా నిలబడుతుంది, ముదిరేకొద్దీ పోగులు కిందికి వాలుతాయి. ఒకే దుబ్బులో ఈ మూడు దశలూ పక్కపక్కన కనిపిస్తాయి. నా మటుకు పాపిరస్ అందమంతా అక్కడే ఉంది.

ఈ తేడాను బాగా పట్టుకున్నవాళ్లు ఈజిప్టు శిల్పులు. కర్ణాక్ ఆలయంలో 134 స్తంభాల మండపం ఉంది. నడిమి దారికి అటూ ఇటూ ఉన్న 12 పెద్ద స్తంభాల తలలు విచ్చిన పాపిరస్ కుచ్చులు. చుట్టూ ఉన్న 122 స్తంభాల తలలు ముడుచుకున్న మొగ్గలు. రాతిలో అంత గొప్పగా చెక్కిన దేశంలోనే, ఆ మొక్క తర్వాతి కాలంలో దాదాపు కనుమరుగైంది. మామూలు కాగితం వచ్చాక దీన్ని సాగు చేసేవాళ్లు లేకపోయారు, చిత్తడి నేలలు పొలాలయ్యాయి. 1960లలో హసన్ రగాబ్ అనే ఇంజనీరు సూడాన్ నుంచి మొక్కలు తెప్పించి నైలు ఒడ్డున మళ్లీ నాటించాడు. వేల ఏళ్లు ఒక దేశానికి గుర్తుగా నిలిచిన మొక్క కూడా బురద పోతే పోతుంది. బురద తిరిగి ఇస్తే తిరిగి వస్తుంది.

అడవిలో ఇది ఎక్కడ పెరుగుతుందో చూస్తే మన పని సగం తేలికవుతుంది. దక్షిణ సూడాన్‌లో తెల్ల నైలు పరుచుకునే సడ్ చిత్తడి నేలలు, విక్టోరియా సరస్సు గట్లు, కెన్యాలో నైవాషా సరస్సు, బోట్స్వానాలో ఒకవాంగో డెల్టా. అన్నీ వెచ్చటి చోట్లు. నీళ్లు నిలిచైనా ఉంటాయి, మెల్లగానైనా కదులుతాయి. అడుగున సారవంతమైన ఒండ్రు, పైన చెట్టు నీడ లేని ఎండ. పాపిరస్ ఉండేది సరస్సు నడిమి లోతుల్లో నాటుకుని కాదు, ఒడ్డునే. నీటి మీదికి వచ్చినప్పుడు కూడా దాని దుంపలూ వేళ్లూ ఒకదానిలో ఒకటి అల్లుకుని దట్టమైన చాపలా తేలుతూ వస్తాయి. అంటే నీటి మీద కూడా తన నేలను తానే వెంట తెచ్చుకుంటుంది.

అందుకని లోతు విషయంలో జాగ్రత్తగా ఉండండి. కొత్తగా నాటిన మొక్కకు మట్టి పైభాగం నీటిమట్టానికి సమానంగా ఉంటే చాలు. కుండీలో మట్టి ఎప్పుడూ తడిగా ఉండాలి, కాడల మొదళ్లు మాత్రం నీళ్ల పైన ఉండాలి. కొత్త పిలకలు రెండు మూడు వచ్చి, అవి మోకాలి ఎత్తు దాటాక కుండీని మెల్లగా కిందికి దించవచ్చు. మట్టి మీద 5 నుంచి 15 సెంటీమీటర్ల నీళ్లుంటే ఎదిగిన మొక్కకు హాయి. అంతకన్నా లోతు కూడా తట్టుకుంటుంది, కానీ ఎందుకు పెట్టాలి? లోతు పెరిగేకొద్దీ అడుగున నీళ్లు చల్లబడతాయి. వెచ్చదనం లేకపోతే ఈ మొక్క పిలక వేయదు. చల్లటి ప్రాంతాల్లో ఉన్నవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం, పలుచటి నీళ్లు పొద్దున్నే త్వరగా వెచ్చబడతాయి. కొత్త మొక్కను కొలను అడుగున పెట్టేసి 'నెలైనా కదలడం లేదు' అని బాధపడేవాళ్లకు నేను చెప్పే మొదటి మాట ఇదే. ఇటుకలు పేర్చి కుండీని పైకి లేపండి. చాలాసార్లు అంతకుమించిన వైద్యం అక్కర్లేదు.

కుండీ వెడల్పుగా ఉండాలి. ఎత్తు కుండీ వద్దు. 40, 45 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల లోతు ఉన్న బలమైన టబ్ అయితే రెండేళ్లు నిశ్చింత. దుంప నేలలోకి నిలువుగా దిగదు, పక్కలకు పాకుతుంది. దానికి కావాల్సింది అడ్డంగా చోటు. జాలీ బుట్టలు వాడొచ్చా అంటే, నేను వాడను. ఏడాది తిరిగేసరికి వేళ్లు జాలీలోంచి బయటికి వచ్చి కొలను అడుగున పేరుకున్న బురదను పట్టుకుంటాయి, ఆ తర్వాత బుట్టను పైకి లాగడం నరకం. రంధ్రాలు లేని గట్టి టబ్ మంచిది. పల్చటి ప్లాస్టిక్ కుండీని మాత్రం దుంప లోపలి నుంచి తోసి పగలగొట్టేస్తుంది, పగులు మొదలైన చోట నుంచే తెల్లటి కొత్త మొన బయటికి వస్తుంది. కొలనుకు ప్లాస్టిక్ షీట్ పరిచి ఉంటే పాపిరస్‌ను కుండీ లేకుండా నేరుగా నాటకండి.

మట్టి విషయంలో నర్సరీలో దొరికే తేలికపాటి మిశ్రమాలు పనికిరావు. కొబ్బరి పొట్టు, పీట్, పెర్లైట్ అన్నీ నీళ్లు తగలగానే తేలిపోతాయి, కొలనంతా చెత్త అవుతుంది. బరువైన బంకమట్టి కలిసిన తోటమట్టి కావాలి. చేతిలో పిసికితే ముద్ద కట్టాలి. పచ్చి పశువుల ఎరువు అసలు కలపకండి, నీళ్లు పాడై నాచు విరగబడుతుంది, చేపలుంటే ఊపిరాడదు. మట్టి నింపాక పైన రెండు వేళ్ల మందం గులకరాళ్లు పరవండి. చేపలు మట్టిని కెలకకుండా ఆపేది ఆ రాళ్లే, ముఖ్యంగా కోయి చేపలున్న కొలనులో. ఎరువు కావాలంటే నీటి మొక్కల కోసం అమ్మే బిళ్లలు ఉంటాయి. మొక్క చురుగ్గా పెరిగే నెలల్లో నెలకోసారి వాటిని వేళ్ల పక్కన మట్టిలో లోతుగా గుచ్చి పైన మట్టి మూసేయాలి. నీళ్లలో చల్లితే అది మొక్కకు కాదు, నాచుకు పెట్టినట్టే.

గాలి గురించి ఎవరూ ముందుగా ఆలోచించరు. రెండు మీటర్ల కాడ, దాని చివర గాలికి ఊగే పెద్ద కుచ్చు. గట్టి గాలి వీస్తే కుండీతో సహా పక్కకు ఒరుగుతుంది, లేదంటే కాడ నడిమికి విరుగుతుంది. విరిగిన కాడను కర్రకు కట్టి నిలబెట్టాలని చూడొద్దు, అది మళ్లీ అతుక్కోదు. కుండీ అడుగున రెండు పెద్ద రాళ్లు వేసి ఆపైన మట్టి నింపండి. గాలి వచ్చే వైపు గోడో పొదల వరుసో ఉన్న మూల ఎంచుకోండి. ఎండ మాత్రం అడ్డుపడకూడదు. ఇటలీలో సిసిలీ దీవిలో సిరక్యూజ్ పట్టణం ఉంది. అక్కడ సముద్రానికి ఆనుకుని అరెతూసా అనే మంచినీటి ఊట ఉంది. చుట్టూ ఎత్తైన రాతి గోడ, ఆ గుండ్రటి కొలనులో పాపిరస్ దుబ్బు. అవతలే సముద్రం ఉన్నా కొలను పల్లంలో ఉంది, గోడ కాపు కాస్తోంది. అదే పట్టణం దగ్గరి చియానే నది ఒడ్డునా పాపిరస్ పెరుగుతుంది. ఎండ, మంచినీరు, గాలికి చాటు. ఈ మూడూ ఒకచోట కుదిరితే ఎలా ఉంటుందో చూడాలంటే ఆ ఊట ఫొటోలు వెతికి చూడండి. ఉప్పునీళ్లు మాత్రం దీనికి పడవు.

ఇప్పుడు కోత. నా ఉద్దేశంలో పాపిరస్ పెంపకం అంటే సగం కోతే. ఒక్కో కాడ ఆయుష్షు కొన్ని నెలలు. పైకి వస్తుంది, విచ్చుకుంటుంది, పూస్తుంది, కుచ్చు చివర్ల నుంచి గోధుమరంగు మొదలై కాడ మొత్తం పాలిపోతుంది. అది రోగం కాదు. మందులు కొట్టక్కర్లేదు. ఆ కాడ పని అయిపోయింది, అంతే. దాన్ని మొదలు దగ్గర కోసేయాలి. సగానికి కోసి వదిలితే అక్కడి నుంచి చిగురు రాదు, ఎందుకంటే కొత్త కాడ ఎప్పుడూ దుంప నుంచే వస్తుంది. చివర్లు ఎండిన కుచ్చును కత్తెరతో గుండ్రంగా కత్తిరించేవాళ్లున్నారు. చూడ్డానికి బాగోదు, మొక్కకు ఉపయోగమూ లేదు. ఎక్కడ కోయాలి అంటే నీటిమట్టానికి నాలుగు వేళ్లు పైన. ఇందాక చెప్పిన బెండు గుర్తుంది కదా? కోసిన మొన నీళ్లలో మునిగితే ఆ గాలి దారుల్లోకి నీళ్లు దిగి కుళ్లు మొదలవ్వొచ్చు. గాలికి తెరిచి ఉంచితే మోడు నెమ్మదిగా ఎండుతుంది, తర్వాత దాన్ని కింద నుంచి లాగేయొచ్చు.

కోసిన కాడను ఏం చేస్తున్నారన్నది ఇంకా ముఖ్యం. ఉగాండా రాజధాని కంపాలా మురుగునీరు విక్టోరియా సరస్సులోకి పోయే దారిలో నకివుబో అనే చిత్తడి నేల ఉంది. అక్కడి పాపిరస్, మిగతా చిత్తడి మొక్కలూ ఆ నీళ్లలోని నైట్రోజన్‌ను, ఫాస్ఫరస్‌ను కొంతవరకు పీల్చుకుంటాయి. శుద్ధి కోసం కట్టే చిత్తడి మడుల్లోనూ పాపిరస్‌ను నాటుతుంటారు. మీ కొలనులోనూ అదే జరుగుతుంది. చేపల మలం, మిగిలిపోయిన మేత, రాలిన ఆకులు కుళ్లగా వచ్చిన పోషకాలను పాపిరస్ లాక్కుంటుంది, నాచుకు తిండి తగ్గుతుంది. వేళ్లు టబ్ దాటి నీళ్లలోకి వచ్చినప్పుడు ఈ పని ఇంకా బాగా చేస్తాయి. కానీ పీల్చుకున్నదంతా కాడలోనే ఉంటుంది. ఎండిన కాడ నీళ్లలో పడి కుళ్లితే అదంతా తిరిగి నీళ్లలోకే వస్తుంది. పాపిరస్ పెట్టినా నీళ్లు పచ్చగానే ఉన్నాయని చెప్పేవాళ్ల కొలను దగ్గరికి వెళ్లి చూస్తే చాలాసార్లు దుబ్బు మొదట్లో పాత కాడలు గుట్టగా పడి ఉంటాయి. కోసిన కాడ కొలను గట్టు దాటి బయటికి పోవాలి. ముక్కలు చేసి కంపోస్టులో వేయండి, లేదా నేల మీది మొక్కల మొదళ్లలో పరవండి. కొలను నుంచి తీసింది తోటకు ఎరువవుతుంది. ఎదిగే కాలంలో రెండు వారాలకోసారి చేస్తే పావుగంట పని.

దుబ్బు విడదీయడం రెండు మూడేళ్లకోసారి తప్పదు. మధ్యలో పిలకలు ఆగిపోయి, కొత్తవన్నీ కుండీ అంచునే వస్తుంటే సమయం వచ్చిందని అర్థం. ఎండలు వెచ్చబడి మొక్క మేల్కొనే కాలంలో చేయండి, చలికి ముందు వద్దు. టబ్‌ను బయటికి తీసి బోర్లించి దుంపను కడగండి. చేతి మందాన కొయ్యలా గట్టిగా ఉంటుంది, మామూలు కత్తికి లొంగదు, రంపం కావాలి. అంచుల్లోని లేత భాగాలు ఎంచుకోండి. ఒక్కో ముక్కకు రెండు మూడు కాడలు, ముందుకు పాకుతున్న తెల్లటి మొన ఒకటి ఉండాలి. మొన లేని ముక్క నాటితే ఎదురుచూపే మిగులుతుంది. మధ్యలోని నల్లబడ్డ పాత దుంపను పారేయండి. కాడలు పొడుగ్గా ఉంటే కోసి పొట్టి చేయండి, లేకపోతే వేళ్లు పట్టుకునేలోపు కుచ్చులు నీళ్లన్నీ ఆవిరి చేసేస్తాయి. నాటేటప్పుడు దుంపను పడుకోబెట్టి, దాని వీపు మట్టి పైకి కనబడేలా ఉంచండి. లోతుగా పాతిపెట్టకండి. మొన ఉన్న వైపు కుండీలో ఖాళీ ఎక్కువ వదలండి. ఆ వైపే అది నడుస్తుంది.

గింజలతో కూడా పెంచొచ్చు. గింజ దుమ్ములా ఉంటుంది. తడి మట్టి మీద చల్లి వదిలేయాలి, పైన మట్టి కప్పకూడదు, మొలకకు వెలుతురు కావాలి. వెచ్చగా ఉంచాలి, ఎప్పుడూ ఆరనివ్వకూడదు. ఓపిక ఉన్నవాళ్లకు బాగుంటుంది.

రకాల గురించి క్లుప్తంగా. చోటు తక్కువైతే పెద్ద పాపిరస్‌ను కుదించి పెంచాలని చూడకండి, పొట్టి రకం తెచ్చుకోండి. 'కింగ్ టట్' పేరుతో అమ్మేది మనిషెత్తు దాకా వస్తుంది. 'ప్రిన్స్ టట్' దానికన్నా బాగా పొట్టి. మరుగుజ్జు పాపిరస్ పేరుతో అమ్మే సైపరస్ ప్రోలిఫర్ వేరే జాతి, మోకాలి ఎత్తులో ఉంటుంది, చిన్న తొట్టికి అదే సరైనది.

ఎక్కడ పెట్టాలి అన్నదాంట్లో నా అభిప్రాయం గట్టిగానే చెప్తాను. ఒక కొలనుకు ఒక దుబ్బు చాలు. కొలను చుట్టూ వరుసగా నాటితే కంచె కట్టినట్టు అవుతుంది, నీళ్లు కనబడవు. పాపిరస్ అందం సగం నీళ్లలోని నీడది, దాని ముందు ఖాళీ నీళ్లు ఉండాలి. మీరు ఎక్కువసేపు కూర్చునే చోటు నుంచి చూస్తే దుబ్బు అవతలి ఒడ్డున ఉండాలి. సాయంత్రం ఎండ దాని వెనక నుంచి వచ్చేలా కుదిరితే పోగులన్నీ విడివిడిగా మెరుస్తాయి. కలువలను దానికి మరీ దగ్గరగా పెట్టకండి, దుబ్బు నీడ పడితే కలువ పూయదు. ఇంకొకటి, కాడల మొదళ్లను మరీ శుభ్రంగా ఉంచాలనుకోకండి. తూనీగ పిల్లలు నీళ్లలోనే పెరుగుతాయి, పెద్దవయ్యే రోజున ఇలాంటి కాడను పట్టుకునే పైకి పాకుతాయి. పాత చర్మం వీపు మీద చీలుతుంది, లోపలి నుంచి మెత్తటి తూనీగ బయటికి వచ్చి రెక్కలు ఆరేదాకా అక్కడే వేలాడుతుంది. ఖాళీ పొట్టు కాడకు అంటుకుని ఉంటుంది. అలాంటి కాడ కనిపిస్తే ఆ వారం కోయకుండా వదిలేయండి.

ఒక హెచ్చరిక. వెచ్చటి ప్రాంతాల్లో పాపిరస్‌ను కాలువలోకో, చెరువులోకో, వాగు పక్కనో వదలకండి. అమెరికాలో ఫ్లోరిడా లాంటి చోట్ల తోటల నుంచి బయటపడి సొంతంగా పెరుగుతోంది. విడదీసినప్పుడు మిగిలిన దుంప ముక్కలను నీళ్లలో విసిరేయడం అన్నిటికన్నా చెడ్డపని, తేలుకుంటూ పోయి ఎక్కడో పట్టుకుంటాయి. ఎండలో పూర్తిగా ఎండబెట్టాకే పారేయండి. ఆఫ్రికాలో ఇది పక్షులకూ చేపలకూ ఇల్లు, అక్కడ దాన్ని కాపాడుకోవాలి. మిగతా చోట్ల దాని ఇల్లు మన కుండీ.

ప్రశ్నలు అడగండి.

వెనక నుంచి ఒకరు అడుగుతున్నారు, కుచ్చు కోసి నీళ్లలో తలకిందులుగా వేస్తే మొక్క వస్తుందట కదా అని. అది గొడుగు తుంగ, సార్. సైపరస్ ఇన్వాల్యుక్రేటస్. చాలాచోట్ల సైపరస్ ఆల్టర్నిఫోలియస్ అని రాసి అమ్ముతారు. దాని కాడ చివర ఉండేవి పోగులు కావు, బల్లపరుపుగా రిబ్బన్‌లాంటి ఆకులు. దాన్ని కోసి ఆకులు కాస్త కురచ చేసి నీళ్లలో బోర్లిస్తే కొన్ని వారాల్లో నడిమి నుంచి వేళ్లూ చిగుళ్లూ వస్తాయి. పాపిరస్ కుచ్చుతో అది నమ్మకంగా జరగదు, ఎక్కువసార్లు కుళ్లిపోతుంది. మంచి కాడను అందుకోసం పాడుచేసుకోకండి, దుబ్బు విడదీయడమే మేలు.

ఇక్కడ ఒక అమ్మగారు దోమల గురించి అడుగుతున్నారు. మంచి ప్రశ్న. కొలనులో చేపలుంటే దోమ పిల్లల్ని అవే తినేస్తాయి. చేపలు లేని చిన్న టబ్‌లో మాత్రం మట్టి మీద నీళ్లు నిలబెట్టకండమ్మా. గులకరాళ్లు మందంగా పోసి, నీటిమట్టం ఆ రాళ్ల పైకి రాకుండా చూసుకోండి. వేళ్లకు కావాల్సిన తడి అందుతుంది, దోమ గుడ్లు పెట్టేందుకు తెరిచిన నీళ్లుండవు. పాపిరస్‌కు అది హాయిగా సరిపోతుంది. మట్టి మాత్రం ఒక్కరోజు కూడా ఆరకూడదు, ఎండలు ముదిరినప్పుడు పొద్దునా సాయంత్రం చూసుకోండి.

ఇంకొకరు చలి దేశంలో ఉన్న తమ అమ్మాయికి మొక్క పంపాలనుకుంటున్నారట. మొక్కలను దేశం దాటించడానికి నిబంధనలుంటాయి, అక్కడే కొనుక్కోమనండి. నీళ్లు గడ్డకట్టే చలి వచ్చే చోట ఇది బయట బతకదు. మంచు తగిలితే పై కాడలు పోతాయి, దుంప గడ్డకడితే మొక్కే పోతుంది. రాత్రులు 10 డిగ్రీలకు పడిపోకముందే ఇంట్లోకి తెచ్చుకోవాలి. పొడుగు కాడలు కోసేసి, పొట్టివాటిని ఉంచి, బాగా వెలుతురు వచ్చే కిటికీ దగ్గర పెట్టాలి. కుండీ కింద పళ్లెంలో రెండు మూడు వేళ్ల నీళ్లు చాలు, ఎరువు మానేయాలి. హీటర్ పక్కన పెడితే గాలి పొడిబారి కుచ్చు చివర్లు ఎండుతాయి, ఎర్ర నల్లి కూడా పడుతుంది. పోగుల మధ్య సన్నటి సాలెగూడులాంటిది కనబడితే బాత్రూంలో షవర్ కింద పెట్టి కుచ్చులను బాగా కడిగేయమనండి, వారానికోసారి అలా చేస్తే అదుపులో ఉంటుంది. చలికాలమంతా కొత్త పిలక ఒక్కటీ రాకపోయినా కంగారు పడొద్దు. దుంపను వేలితో నొక్కి చూడమనండి. గట్టిగా ఉంటే మొక్క బతికే ఉంది, మెత్తగా లోపలికి పోతే ఆ భాగం కోసి తీసేయాలి. మంచు కురిసే రోజులు పూర్తిగా అయిపోయాక బయటికి తెచ్చి, మొదటి వారం నీడపట్టున ఉంచి, ఆ తర్వాత ఎండలోకి జరపాలి.